బిగించే కొద్దీ కారే జాయింటు

గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ ముక్క చెవిన పడుతుంది. "ఏటి గురూ, మళ్ళీ కారతంది?" "ఇంకో పావు చుట్టు ఏస్తే అదే ఆగిపోద్ది." పావు చుట్టు వేస్తారు. చాలాసార్లు ఆగుతుంది కూడా. కొన్నాళ్ళకు అదే బండి అదే జాయింటుతో తిరిగొస్తుంది. ఈసారి నట్టు చుట్టూ తడి ఇంకాస్త వెడల్పుగా ఉంటుంది. మళ్ళీ పావు చుట్టు. ఆ తర్వాత టెఫ్లాన్ టేపు, ఆ పైన అనాబాండ్ జిగురు, చివరికి ఎం-సీల్ ముద్ద. ఆ ముద్ద కూడా ఊడాక పైపు మార్చాలంటారు. పైపు మారుతుంది, అది కూర్చునే సీటు మాత్రం పాతదే. లీకు మళ్ళీ మొదలవుతుంది.

ఇంజనుకు పెట్రోలు, డీజిలు, గ్యాసు మోసుకొచ్చే లోహపు పైపులు అతికే చోట ఎందుకు కారుతుందో అర్థం కావాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. చాలా రకాల జాయింట్లలో నట్టుకూ లీకు ఆగడానికీ నేరుగా సంబంధం లేదు.

నట్టు మరకూ దాని జోడు మరకూ మధ్య ఎప్పుడూ కొంత సందు ఉంటుంది. ఆ సందు లేకపోతే నట్టు తిరగనే తిరగదు. పైపులో ఉన్న ఇంధనం సీటు దాటి మరల దాకా వచ్చిందంటే ఆ సందు వెంట చుట్టూ తిరుగుతూ తీరిగ్గా బయటికొచ్చేస్తుంది. దాన్ని ఆపాల్సిన చోటు అంతకు ముందే ఉంది. పైపు కొస, అది కూర్చునే ముఖం ఒకదానికొకటి తగిలే సన్నని వలయం అది. దాన్నే సీటు అంటారు. ఆ రెంటినీ కలిపి అదిమి పట్టడం వరకే నట్టు పని. సీటు బాగుంటే మామూలు బిగింపు చాలు. సీటు మీద గీత పడితే ఎంత బిగించినా ఆ గీత వెంట దారి ఉండనే ఉంటుంది.

సీటు ఎలా ఆపుతుందన్నదే అసలు కథ. నున్నగా మెరిసే లోహం కూడా బాగా పెద్దది చేసి చూస్తే ఎగుడు దిగుడుగానే ఉంటుంది. రెండు ముఖాలను ఆనిస్తే తగిలేవి మిట్టలు మాత్రమే. మధ్యలో పల్లాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి దారులవుతాయి. గట్టిగా అదిమినప్పుడు మెత్తని వైపు మిట్టలు నలిగి, పల్లాల్లోకి సర్దుకుని, వలయం పొడవునా దారి మూసుకుపోతుంది. అందుకే మంచి జాయింటులో ఒక వైపు ఎప్పుడూ రెండో వైపు కన్నా మెత్తగా ఉంటుంది. రాగి పైపు కొస, ఇత్తడి ఫెర్రూలు (పైపు చుట్టూ కూర్చునే చిన్న ఉంగరం), కాపర్ వాషరు, మెత్తబరిచిన స్టీలు పైపు చివర అన్నీ ఆ పనికే. తగిలే వలయం సన్నగా ఉండటమూ కావాలనే. అదే బలం తక్కువ వైశాల్యం మీద పడితే ఒత్తిడి పెరుగుతుంది.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే చాలా చిక్కులు విడిపోతాయి. సన్నని సందులోంచి సెకనుకు ఎంత ద్రవం పారుతుందన్నది ఆ సందు ఎత్తు ఘనాన్ని బట్టి ఉంటుంది. సందు సగమైతే లీకు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పదో వంతైతే వెయ్యో వంతుకు. అందుకే పావు చుట్టుతో లీకు టక్కున ఆగినట్టు కనిపిస్తుంది. అందుకే కాస్త వదులైనా అంతే టక్కున మొదలవుతుంది. రెండో సంగతి చిక్కదనం. డీజిలుతో పోలిస్తే సీఎన్‌జీలో ఉండే మీథేను 200 రెట్లకు పైగా పలుచన. డీజిలు చుక్క కూడా రాని జాయింటు గ్యాసును ఆపుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. డీజిలు లైనుకు వాడిన ఫిట్టింగునే గ్యాసు లైనుకు తగిలించే వాళ్ళకు ఈ తేడా పట్టదు.

మరి ఎంత బిగించాలి? స్పానరు మీద పెట్టే బలంలో దాదాపు సగం నట్టు ముఖం దగ్గర రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల రాపిడి తినేస్తుంది. సీటును అదమడానికి మిగిలేది 10 నుంచి 15 శాతం. కనుక చేతికి తగిలే బిగువు సీటు గురించి చెప్పేది చాలా తక్కువ. తుప్పు పట్టిన నట్టు తిరగక మొరాయిస్తే బాగా బిగిసిందనుకుంటాం, లోపల సీటు ఇంకా ఆనకపోయి ఉండొచ్చు. మరలకు నూనె రాసి అదే టార్కు, అంటే అదే తిప్పే బలం, పెడితే సీటు మీద బలం ఒక్కసారిగా పెరిగి పైపు కొస నలిగిపోవచ్చు. కంపెనీ మాన్యువల్‌లో టార్కు అంకెతో పాటు పొడిగానా, నూనెతోనా అని రాసేది అందుకే. ఆ రెండో మాట ఎవరూ చదవరు.

అతిగా బిగిస్తే జరిగేది ఇది. పైపు కొస నట్టుకూ, అది కూర్చునే కోనుకూ (శంకువు ఆకారపు ముఖానికీ) మధ్య నలిగి పలుచనవుతుంది. ఇత్తడి కోను మీద చుట్టూ గాడి పడుతుంది. ఇత్తడి నట్టయితే నిలువునా చీలుతుంది, ఆ చీలిక మొదట్లో కంటికి కనిపించదు కూడా. వీటిలో ఏది జరిగినా తర్వాతి పావు చుట్టు ఇంకా పాడు చేస్తుంది తప్ప బాగు చేయదు.

ఏ జాయింటుకు ఏ లెక్క

షెడ్డులో అన్నిటినీ "నట్టూ పైపూ" అనేసినా లోపల ఒక్కోటి ఒక్కో తీరుగా పని చేస్తుంది. ఒకదాని వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

ఎక్కువగా కనిపించేది ఫ్లేర్ జాయింటు. పైపు కొసను గరాటులా విప్పుతారు. ఆ గరాటు కోను మీద కూర్చుంటే వెనక నుంచి నట్టు అదుముతుంది. చిక్కంతా కోణంలో ఉంది. పాత బళ్ళ ఇంధన లైన్లకు, ఫ్రిజ్, ఏసీ పైపులకు 45 డిగ్రీల ఫ్లేర్ వాడతారు. హైడ్రాలిక్ లైన్లలో జేఐసీ అనే 37 డిగ్రీల ఫ్లేర్ ఎక్కువ. పావు అంగుళం పైపుకు ఈ రెంటి నట్లూ ఒకే మర. అంగుళంలో పదహారింట ఏడు వంతుల వ్యాసం, అంగుళానికి 20 చుట్లు. నట్టు హాయిగా ఎక్కుతుంది, గట్టిగా బిగుస్తుంది. లోపల మాత్రం 37 డిగ్రీల కోను మీద 45 డిగ్రీల గరాటు ఒక సన్నని గీత వెంట మాత్రమే ఆనుతుంది. ఆ రోజుకు ఆగుతుంది, నాలుగు రోజులు వణికాక కారుతుంది. పాత సామాన్ల దుకాణంలో "సరిపోయింది" అని తెచ్చిన ఫిట్టింగుల్లో ఈ తప్పు తరచుగా దొరుకుతుంది. మర కలిసినంత మాత్రాన జోడు కుదిరినట్టు కాదు. కోణం కొలిచే గేజి షెడ్లలో కనిపించడం అరుదు.

బళ్ళలో స్టీలు పైపులకు ఒంటి ఫ్లేర్ పనికిరాదు, అంచు చీలుతుంది. కొసను లోపలికి మడిచి రెండు పొరలుగా చేసే డబుల్ ఫ్లేర్ కావాలి. కొన్ని బళ్ళలో కొస ఉల్లిపాయలా ఉబ్బి ఉండే బబుల్ ఫ్లేర్ ఉంటుంది. ఈ రెంటి సీట్లూ వేరు, ఒకదాని చోట ఇంకోటి పెడితే సీటు పాడవడం ఖాయం. ఫ్లేర్ చేసేటప్పుడు జరిగే తప్పులు చిన్నవే, కానీ అన్నీ లీకు దగ్గరికే చేరతాయి. హ్యాక్సాతో కోస్తే కొస వంకరగా వస్తుంది. కట్టరుతో కోస్తే తిన్నగా వస్తుంది కానీ అంచు లోపలికి మడుచుకుంటుంది, దాన్ని రీమరుతో తీయాలి. తీయకుండా గరాటు విప్పితే ఆ అంచు దగ్గరే పగులు మొదలవుతుంది. గరాటు చిన్నదైతే పట్టు చాలదు. పెద్దదైతే నట్టులో ఇరుక్కుని, అసలు సీటు దాకా పోకముందే బిగిసినట్టు అనిపిస్తుంది. బిగించే ముందు గరాటు వెనక భాగాన, అంటే నట్టు తగిలే వైపున, ఒక్క చుక్క నూనె రాస్తే నట్టుతో పాటు పైపు మెలి తిరగకుండా ఉంటుంది.

బాంజో బోల్టు సంగతి వేరు. గుల్లగా ఉండే బోల్టు, దాని చుట్టూ ఉంగరం లాంటి పైపు తల, తలకు ఇరువైపులా ఒక్కో కాపర్ వాషరు. డీజిలు ఫిల్టర్ల దగ్గర, ఫీడు పంపుల దగ్గర ఇవే. రాగి నలిగే కొద్దీ గట్టిపడే లోహం. ఒకసారి బిగించి విప్పిన వాషరు మళ్ళీ మెత్తగా సర్దుకోదు. పాత మేస్త్రీలు వాషరును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచడం అందరూ చూసే ఉంటారు. అది పనిచేసే పద్ధతే, కాల్చితే రాగికి మెత్తదనం తిరిగొస్తుంది. నిజానికి ముంచకుండా గాలికి ఆరబెట్టినా రాగికి అదే ఫలితం, నీళ్ళలో ముంచడం వల్ల పైన పొక్కు రాలిపోతుందంతే. కాకపోతే వాషరు మీద పాత అంచు గాడి అలాగే ఉంటుంది, మందం తగ్గి ఉంటుంది. సముద్రం మధ్యలో అయితే కాల్చుకోవాలి. ఊళ్ళో ఉండి కొత్త వాషరు కొనకపోవడానికి నాకు కారణం కనిపించదు. ఒకదాని మీద ఒకటి రెండు వాషర్లు వేసి మందం సరిపెట్టడం మాత్రం ఎక్కడా చేయకూడని పని. వాటి మధ్య ఇంకో లీకు దారి తెరిచినట్టే.

మూడోది ఫెర్రూలు జాయింటు. నట్టు బిగిస్తే లోపలి చిన్న ఉంగరం పైపును కొరికి పట్టుకుంటుంది. సీఎన్‌జీ లైన్లలో ఎక్కువగా ఉండేది ఈ జాతే. రెండు ఫెర్రూళ్ళ రకానికి లెక్క టార్కులో ఉండదు, చుట్లలో ఉంటుంది. పావు అంగుళం, ఆ పై సైజులకు చేత్తో బిగిసే దాకా తిప్పి, అక్కడి నుంచి ఒకటింపావు చుట్టు. అంతకు ముందు పైపును లోపల గట్టు తగిలే దాకా నెట్టాలి. పైపు మీద నిలువు గీతలుంటే ఫెర్రూలు కింద నుంచే గ్యాసు జారిపోతుంది, ఆ ముక్క కోసి పారేయాల్సిందే. విప్పి మళ్ళీ వేసేటప్పుడు మళ్ళీ ఒకటింపావు చుట్టు తిప్పేస్తే పని చెడుతుంది. విప్పకముందే నట్టు మీదా బాడీ మీదా మార్కరుతో గీత పెట్టుకుని, ఆ గీత దాకా తెచ్చి, ఇంకాస్త బిగువు తగిలే దాకా నొక్కితే చాలు. ఒక కంపెనీ నట్టు, ఇంకో కంపెనీ ఫెర్రూలు కలపకూడదు. పైకి ఒకేలా కనిపిస్తాయి, కొరికే తీరు కలవదు.

ఇక టేపు. టేపు వేయాల్సింది మొనవైపు సన్నబడే టేపరు మరలకు మాత్రమే. అక్కడ నిజంగానే లీకును ఆపేది మర, దాని సందు నింపడానికే టేపు. అక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది. అమెరికా మర ఎన్‌పీటీకి 60 డిగ్రీల కోణం, మన దగ్గర ఎక్కువగా దొరికే బీఎస్‌పీ మరకు 55. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెంటికీ అంగుళానికి 14 చుట్లే. ఒకటి ఇంకోదానిలోకి దిగుతుంది, బిగుస్తుంది, కారుతుంది. మిగతా అన్ని జాయింట్లకూ టేపు చెరుపే చేస్తుంది. మరలకు జారుడునిచ్చి అతిగా బిగిసేలా చేస్తుంది. పైగా చిరిగిన పీలికలు డీజిలు లైనులో కొట్టుకుపోయి ఇంజెక్టరు దగ్గర ఆగుతాయి. వంద రూపాయల పనికి వేలల్లో బిల్లు అలా వస్తుంది.

అసలు దొంగ వణుకు

నన్నడిగితే, మన షెడ్లలో తిరిగొచ్చే లీకులకు పెద్ద కారణం బిగింపు కాదు, పోయిన క్లిప్పులు. ఇంజను విప్పి మళ్ళీ పెట్టేటప్పుడు పైపును బాడీకి పట్టే రబ్బరు పొదిగిన చిన్న క్లిప్పు ఎక్కడో పడిపోతుంది. అది లేకపోయినా ఇంజను స్టార్టవుతుంది కాబట్టి ఎవరూ వెతకరు. లేదా బైండింగు వైరుతో కట్టేస్తారు. ఆ వైరే రంపంలా పైపును కోస్తుంది.

క్లిప్పు పోతే ఏమవుతుందో లెక్క కట్టొచ్చు. 1500 ఆర్‌పీఎం మీద నడిచే పడవ ఇంజను గంటకు 90,000 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు ఒక్క ఊపు అనుకున్నా, ఏకధాటిగా అయిదు రోజులు నడిస్తే పైపు మీద కోటి ఊపులు దాటతాయి. వేటకు పోయిన పడవకు అది ఒక్క ప్రయాణం. లోహం ఒక్కసారి పడే పెద్ద బలాన్ని ఓర్చుకుంటుంది. కోటిసార్లు పడే చిన్న బలానికి అలిసి పగుల్తుంది. ఆ పగులు ఎప్పుడూ నట్టు వెనకే వస్తుంది. వంగే పైపు ఆగిపోయే చోటు అదే కాబట్టి, ఫ్లేర్ చేసినప్పుడు లోహం అక్కడే గట్టిపడి ఉంటుంది కాబట్టి. రాగి పైపు ఈ విషయంలో స్టీలు కన్నా బలహీనం, వణికే కొద్దీ పెళుసవుతుంది. దానికి తోడు రాగి తగిలితే పెట్రోలు త్వరగా పాడై బంకలాంటి మడ్డి కడుతుంది. సులువుగా వంగుతుందని ఇంజను పైపులకు రాగి వేయడం ఈ రెండు కారణాల వల్లా మంచిది కాదు.

రబ్బరు మౌంటింగుల మీద ఊగే ఇంజనుకూ, కదలని ట్యాంకుకూ మధ్య తిన్నని లోహపు పైపు ఉండకూడదు. మధ్యలో జాలి అల్లిన హోసు ముక్కో, పైపుకే ఒక చుట్టో ఉండాలి. పాత లారీల్లో పైపును స్ప్రింగులా రెండు చుట్లు చుట్టి ఉంచేది అందం కోసం కాదు.

ఇంకో దాపరికపు తప్పు ఉంది. నట్టు విప్పి చూడండి. పైపు కొస తన సీటు ఎదురుగా దానంతట అదే నిలబడాలి. పక్కకు ఎగిరిపోతే, ఇన్నాళ్ళూ నట్టుతో పైపును లాగి కూర్చోబెట్టారన్న మాట. అలాంటి జాయింటులో సీటు ఒక వైపు ఎక్కువ అదుముకుని, రెండో వైపు తేలిపోతుంది, పైపు ఎప్పుడూ లాగుడు మీద ఉంటుంది. పైపును సరిగ్గా వంచుకోవాలి తప్ప నట్టు చేత ఆ పని చేయించకూడదు. బిగించేటప్పుడు మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్ళతోనే ఎక్కాలి. ఎక్కకపోతే మర తప్పింది, లేదా పైపు వంకర. చివరి బిగింపుకు రెండు స్పానర్లు కావాలి. ఒకటి బాడీని కదలకుండా పట్టడానికి, రెండోది నట్టు తిప్పడానికి. ఒక్క స్పానరుతో బిగిస్తే తిరిగేది నట్టు ఒక్కటే కాదు. ఫిల్టరు బాడీయో, పక్క జాయింటో కూడా తిరుగుతుంది, అక్కడ కొత్త లీకు పుడుతుంది.

ఉప్పు గాలి ఊరు

విశాఖలో ఈ కథకు ఇంకో పాత్ర ఉంది. బీచ్ రోడ్డు మీద పార్కు చేసే బండికీ, హార్బర్‌లో పడవకూ, గాల్లో ఉప్పు రోజూ అందుతుంది. స్టీలు పైపు మొదట తుప్పు పట్టేది బయట ఆరుబయలు ఉన్న చోట కాదు. క్లిప్పు కింద, రబ్బరుకూ లోహానికీ మధ్య ఉప్పు నీళ్ళు ఆరకుండా నిలిచే చోట. పైకి బాగానే ఉన్న పైపు క్లిప్పు తీస్తే కాగితంలా ఉంటుంది. క్లిప్పు ఉండాలి అన్న మాట నిజమే, ఏడాదికోసారి దాన్ని విప్పి కింద చూడాలన్నదీ నిజమే. అల్యూమినియం బాడీలోకి స్టెయిన్‌లెస్ ఫిట్టింగు దిగితే ఉప్పు తడిలో అల్యూమినియం తినేయబడుతుంది. ఇత్తడి నట్లను అమ్మోనియా ఉన్న క్లీనర్లతో తుడిస్తే బిగువులో ఉన్న ఇత్తడి పగులుతుంది.

పాత బస్తీ వైపు ఉండేవాళ్ళకు పోర్టు దుమ్ము మీద ఎన్ని ఫిర్యాదులున్నా, లీకు వెతకడంలో అది పనికొస్తుంది. పొడి నట్టు మీద దుమ్ము బూడిదలా ఉంటుంది, ఊదితే పోతుంది. సన్నగా చెమ్మగిల్లే నట్టు చుట్టూ నల్లగా, జిడ్డుగా అంటుకుంటుంది. ఇంజను కడిగే ముందే ఆ నల్ల మచ్చలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. కడిగేశాక ఆ గుర్తులన్నీ పోతాయి.

ఇథనాలు మాట కూడా ఒకటి. దేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. అది నీటిని పీల్చుకుంటుంది, జింకు పూతలనూ కొన్ని రబ్బర్లనూ దెబ్బతీస్తుంది. పాత బళ్ళలో లోహపు పైపు చివర ఓ-రింగు ఉంటే, దాని చోట ఇథనాలును తట్టుకునే విటాన్ అనే రబ్బరు రకం వేయించుకోవడం మేలు.

చుక్క రాని లీకు

ట్యాంకు నుంచి ఫీడు పంపు దాకా ఉండే లైను పీల్చుడు వైపు. అక్కడ లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. జాయింటు వదులైతే ఇంధనం బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద చుక్క ఉండదు, వాసన రాదు. పొద్దున్నే ఇంజను స్టార్టు కాదు. స్టార్టయినా ఊగుతుంది, కాసేపటికి ఆగుతుంది. "ఎయిర్ పట్టింది" అని చేతి పంపు కొట్టి, బ్లీడింగు స్క్రూ విప్పి బుడగలు పంపించేస్తారు. రెండు గంటలు బాగా నడుస్తుంది. మర్నాడు మళ్ళీ అదే. హార్బర్‌లో ఎన్నో ఫీడు పంపులు ఏ తప్పూ లేకుండానే మారిపోతుంటాయి, ఎందుకంటే అందరూ పంపునే అనుమానిస్తారు.

పట్టుకోవడానికి తేలిక దారి ఉంది. పంపుకు ముందు తాత్కాలికంగా ఇంధనం తట్టుకునే పారదర్శకమైన హోసు ముక్క పెట్టి ఇంజను నడపండి. బుడగలు కనిపిస్తే లీకు దానికన్నా వెనక ఉంది. ఆ ముక్కను ట్యాంకు వైపు జరుపుకుంటూ పోతే ఏ జాయింటు దాటాక బుడగలు ఆగాయో అదే దొంగ. చాలాసార్లు అది వాటర్ సెపరేటరు దగ్గరి బాంజో, లేదా ట్యాంకులోపలి పీల్చుడు పైపు మీది సన్నని తుప్పు రంధ్రం. ఇది దొరికాక ఆ ముక్కను తీసేయడం మర్చిపోకూడదు.

చేయి పెట్టకూడని చోటు

పంపు దాటాక లోకమే మారిపోతుంది. మామూలు పెట్రోలు ఇంజెక్షను లైనులో 3, 4 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ గాలి ఒత్తిడంత) ఉంటే, ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే ఇప్పటి కామన్ రైలు డీజిలు ఇంజన్లలో 2,000 బార్ వరకు పోతుంది. ఇంజెక్టరు పైపు కొస గుండ్రటి తల, అది కూర్చునే కోను రెండూ ఉక్కే. మొదటిసారి బిగించినప్పుడు ఆ తల తన జోడు కోనుకు తగ్గట్టు కాస్త నలిగి రూపు మార్చుకుంటుంది. విప్పాక ఆ పైపు వేరే సిలిండరు మీద సరిగ్గా కూర్చోదు. చాలా కంపెనీలు విప్పిన ప్రతిసారీ కొత్త పైపు వేయమని రాసేది అందుకే. కనీసం ఏ సిలిండరు పైపు ఆ సిలిండరుకే వెళ్ళాలి. కంటికి కనపడని ఇసుక రేణువు సీటు మీద ఉన్నా చాలు, ఇంత ఒత్తిడిలో అది గీత గీసేస్తుంది. మన దగ్గర నూలు గుడ్డతో తుడిచే అలవాటు ఉంది. ఆ నూలు పోగులు కూడా వద్దు.

ఇలాంటి లైనులో సన్నని లీకు పొగమంచులా చిమ్ముతుంది. ఎక్కడ నుంచో తెలుసుకోవడానికి వేలు పెట్టడం ప్రాణాంతకం. ఆ ధార చర్మం లోపలికి దూరుతుంది. పైన చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. లోపల డీజిలు కండల మధ్య పాకి, గంటల్లో వేలూ చేయీ పోయే దాకా వస్తుంది. అది కట్టు కట్టించుకునే గాయం కాదు, వెంటనే ఆపరేషను చేయాల్సిన గాయం. ఆసుపత్రిలో "డీజిలు ప్రెషరుతో దూరింది" అని గట్టిగా చెప్పాలి. లీకు వెతకడానికి ఒక అట్టముక్కను దూరంగా పట్టుకుని కదిపితే తడి పడ్డ చోటు తెలుస్తుంది.

ఓడల వాళ్ళు ఈ సమస్యను ఇంకో వైపు నుంచి చూశారు. జాయింటు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది అని ముందే ఒప్పేసుకున్నారు. అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం సోలాస్ ప్రకారం ఓడ ఇంజన్ల హై ప్రెషర్ ఇంధన పైపులకు పైన ఇంకో పైపు తొడుగు ఉండాలి. లోపలిది పగిలితే ఇంధనం తొడుగులోంచి ఒక చిన్న ట్యాంకులోకి దిగి అలారం మోగుతుంది. 2003 జులై 1 నుంచి పాత ఓడలకూ ఈ నియమం వర్తించింది. ఇంకో నియమం, 220 డిగ్రీలు దాటి వేడెక్కే ఏ ఉపరితలమైనా ఇంధనం చిమ్మే అవకాశం ఉంటే కప్పేయాలి. డీజిలు నిప్పురవ్వ లేకుండానే అంటుకునే వేడి దాదాపు ఆ దరిదాపుల్లోనే మొదలవుతుంది. ఎగ్జాస్టు మానిఫోల్డు దాన్ని సులువుగా దాటేస్తుంది. 1948లో జల ఉష ఓడ నీళ్ళలోకి దిగిన షిప్‌యార్డు ఉన్న ఊళ్ళో ఈ సంగతి తెలిసిన ఇంజనీర్లకు కొదవ లేదు. ఆ తెలివి రోడ్డు దాటి చేపల పడవల దాకా ఇంకా రాలేదు. పడవ ఇంజను మీద ఇంజెక్టరు పైపులకూ ఎగ్జాస్టుకూ మధ్య ఒక రేకు అడ్డం కట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

గ్యాసు అయితే

విశాఖలో గ్యాస్ లీక్ అనగానే మనసు ముందు ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకైన 2020 మే 7 మీదకు పోతుంది. అంతకు ముందు తరానికి 1997 సెప్టెంబరు 14 గుర్తుంటుంది. ఆ రోజు హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై, నేల బారుగా పాకిన ఆవిరి అంటుకుని సుమారు 60 మంది పోయారు. ఇంజను కింద జాయింటుకూ ఆ ప్రమాదానికీ పరిమాణంలో పోలిక లేదు. కానీ ఆవిరి నడిచే తీరు ఒకటే. ఎల్పీజీ ఆవిరి గాలి కన్నా బరువు, పెట్రోలు ఆవిరి ఇంకా బరువు. రెండూ కిందికి దిగి గుంటల్లో, పడవ అడుగున, షెడ్డు పిట్టులో నిలుస్తాయి. సీఎన్‌జీ గాలి కన్నా తేలిక, పైకి పోతుంది. ఆరుబయట అది మేలే. రేకుల కప్పు కింద మూసిన షెడ్డులో అయితే కప్పు దగ్గరి లైటు స్విచ్చు దాకా చేరుతుంది.

ఎంత లీకైతే ఎంత ప్రమాదం? పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 శాతం చేరితే అంటుకుంటుంది. ఒక్క పెట్రోలు చుక్క పూర్తిగా ఆవిరైతే ముప్పావు లీటరు గాలిని ఆ స్థితికి తేగలదు. సెకనుకో చుక్క కారే జాయింటు రోజుకు 4 లీటర్లకు పైగా పోగొడుతుంది. మీథేనుకు ఆ హద్దు 5 శాతం, ఎల్పీజీకి 2 శాతం దగ్గర. అంటుకునే హద్దులో అయిదో వంతుకే ముక్కు పట్టేలా ఈ గ్యాసుల్లో వాసన కలుపుతారు. జలుబు చేసినవాడి చేత లీకు వాసన చూపించొద్దు, అంతే.

సీఎన్‌జీ సిలిండర్‌లో నిండుగా ఉన్నప్పుడు 200 బార్. ఆ ఒత్తిడి లోపలుండగా ఏ నట్టూ బిగించకూడదు. లీకు ఆగడం అటుంచి, సగం కొరికిన ఫెర్రూలు జారితే పైపే ఎగిరొస్తుంది. సిలిండరు వాల్వు మూసి, ఇంజను ఆగేదాకా నడిపి లైను ఖాళీ చేశాకే స్పానరు పట్టాలి. ఆ పని కూడా అనుమతి ఉన్న కిట్ సెంటర్లోనే చేయించాలి. మూడేళ్ళకోసారి చేయించే సిలిండరు హైడ్రో టెస్టు సిలిండరుకే పరీక్ష. లైన్లకూ జాయింట్లకూ అది సర్టిఫికెట్ కాదు. సిలిండరు తీసి మళ్ళీ పెట్టాక ఆ జాయింట్లన్నీ కొత్తగా బిగించినవే, కాబట్టి అప్పుడే ఎక్కువ అనుమానించాలి.

లీకు చూడటానికి అగ్గిపుల్ల గీసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ గురించి చెప్పడానికేమీ లేదు. సబ్బు నీళ్ళు చాలు. పలుచగా కలిపి బ్రష్షుతో నట్టు వెనకా, ముందూ, పైపు మొదట్లో రాసి రెండు నిమిషాలు ఆగాలి. పెద్ద లీకు బుడగలు వేయకుండా నీటిని ఊదేస్తుంది, చిన్నదే నెమ్మదిగా తెల్లటి నురగ కడుతుంది. చూశాక శుభ్రమైన నీళ్ళతో కడిగి తుడవాలి. లేకపోతే ఆ సబ్బు తడే రేపటి తుప్పు. పరీక్ష ఎప్పుడు చేశారన్నదీ చూసుకోండి. సిలిండరులో 30 బార్ మిగిలి ఉండగా నురగ రాలేదంటే నిండు సిలిండరు దగ్గర రాదని కాదు. పని అయ్యాక గ్యాసు నింపించి, కాస్త నడిపి, ఇంజను వేడి మీద ఉండగా ఒకసారి, పూర్తిగా చల్లారాక ఇంకోసారి అదే జాయింట్లకు సబ్బు నీళ్ళు రాయించండి.